మనవాడిని ప్రశ్నిస్తే మనకెందుకు కోపము?



సినిమా నటులకు అభిమానులుండుట మనకు క్రొత్త సంగతి కాదు. తెనాలిలో పెద్ద సినిమా విడుదలైన రోజున హాలు ముందు ఎంత హడావిడి జరుగునో మనమందరము ఎరుగుదుము. ఆ నటుని గూర్చి పత్రికలో ఎవరైనా ఒక మాట తక్కువగా వ్రాస్తే అభిమానులు ఊరుకోరు. అయితే వ్యాపార కంపెనీలకు కూడా అభిమానులుంటారని, ఆ కంపెనీ నిర్ణయమును పత్రికలు తప్పుబడితే తమ ఇంటి మీదనే రాయి పడినట్లు బాధపడతారని చాలామంది గమనించరు. ఫోనుల కంపెనీల గూర్చి, కంప్యూటరు కంపెనీల గూర్చి మన పడుచువారు వాదించుకొనుట ఒకసారి వినండి. ఆ కంపెనీలో వారికి ఒక్క రూపాయి వాటా ఉండదు. అయినను దాని యజమానిని ఎవరైనా ప్రశ్నిస్తే వీరి ముఖము ఎర్రబడును.

ఈ నెల మేము ఆ అభిమానమును గూర్చి వ్రాయదలచాము. ఇందుకు దూరదేశముల సంగతులు వెదకనవసరము లేదు. మన తెలుగువారి మధ్యనే, సత్యం కంప్యూటర్స్ అను కంపెనీ విషయములో ఇది జరిగినది. 2008 డిసెంబరులోను, 2009 జనవరిలోను జరిగిన ఆ సంగతులు ఇప్పటి పిల్లలకు తెలియవు. పెద్దవారు క్రమముగా మరచిపోవుచున్నారు. మరచిపోకూడని పాఠము అందులో ఉన్నది.

భీమవరములో 1954లో జన్మించిన బైర్రాజు రామలింగరాజు గారు 1987లో హైదరాబాదులో ఈ కంపెనీని స్థాపించారు. కొద్దిమందితో మొదలైన ఆ పని 2008 నాటికి దాదాపు 53 వేల మంది ఉద్యోగులు గల సంస్థ అయినది. 2001లో దాని షేర్లు న్యూయార్కు మార్కెట్టులో కూడా చేరినవి. గోదావరి జిల్లాల నుండి వచ్చిన తెలుగువాడు అమెరికా కంపెనీలకు పని చేసిపెట్టి ఇంతవాడాయెనని మనవారందరు మురిసిపోయారు. బాపట్లలోను, చుట్టుప్రక్కల ఊళ్లలోను ఇంజనీరింగు చదివిన బిడ్డకు సత్యంలో ఉద్యోగము వచ్చినదంటే ఆ రోజులలో ఇంటిల్లిపాదికి పండుగే. పెండ్లి సంబంధము మాటలాడేటప్పుడు కూడా ఆ ఒక్క మాట చాలా బరువు తూగేది.

ఆయన పేరు కేవలము వ్యాపారము వలన రాలేదు. ఆ కుటుంబము వారు తండ్రి గారి జ్ఞాపకార్థము 2001లో బైర్రాజు ఫౌండేషన్ నెలకొల్పి, అనేక పల్లెలలో త్రాగునీరు, వైద్యము, చదువు విషయములలో పని చేశారు. 2005లో హైదరాబాదులో 108 అంబులెన్సు సేవను ప్రారంభించారు. అది ప్రభుత్వ సహాయముతో రాష్ట్రమంతట వ్యాపించినది. అర్ధరాత్రి వేళ కాన్పు నొప్పులు పడుతున్న బిడ్డను ఎడ్లబండి మీదనో, ఆటోలోనో వేసికొని పరుగెత్తిన కుటుంబములకు, ఫోను చేయగానే వాహనము గుమ్మము ముందుకు వచ్చుట ఎంతటి మేలో చెప్పనక్కరలేదు. కనుక ఆయనయందు మన పల్లెలకు కలిగిన అభిమానము ఊరక కలిగినది కాదు. దానికి కారణమున్నది. ఈ మాట మేము ముందుగానే ఒప్పుకొనుచున్నాము.

ఇక అసలు సంగతికి వద్దాము. 2008 డిసెంబరు 16న సత్యం కంపెనీ డైరెక్టర్ల బోర్డు ఒక నిర్ణయము చేసినది. మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అను రెండు కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు, అనగా ఆనాటి లెక్కలో ఏడు వేల కోట్ల రూపాయలకు పైగా పెట్టి, కొనదలచినట్లు ప్రకటించినది. ఆ రెండును ఇండ్లు, రోడ్లు, నిర్మాణపు పనులు చేయు కంపెనీలు. వాటిని నడుపుచున్నది రాజు గారి కుటుంబమే. సత్యం అను పేరును ఇంగ్లీషు అక్షరములలో వెనుక నుండి చదివితే మేటాస్ అగును. అమెరికాలో ఆర్థిక మాంద్యము వచ్చినది కనుక ఒక్క సాఫ్ట్‌వేర్ మీదనే ఆధారపడకుండ మరియొక వ్యాపారములో కూడా కాలు మోపుచున్నామని కంపెనీ కారణము చెప్పినది. వినుటకు సబబుగానే ఉండెను.

అయితే షేర్లు కొన్నవారు ఒప్పుకొనలేదు. కంప్యూటరు కంపెనీ సొమ్ముతో యజమాని ఇంటివారి కంపెనీని కొనుట ఏమి న్యాయమని అడిగారు. పత్రికలు గట్టిగా విమర్శించినవి. ఆ రోజే న్యూయార్కులో సత్యం షేరు విలువ సగానికి పైగా పడిపోయినది. తెల్లవారకముందే కంపెనీ ఆ నిర్ణయమును వెనుకకు తీసికొన్నది. మరునాడు బొంబాయి మార్కెట్టులో కూడా షేరు నూటికి ముప్పది వంతుల వరకు పడినది.

ఇప్పుడు అభిమానుల మాట చూడండి. ఆ డిసెంబరు నెలలో హైదరాబాదులోనేమి, మన జిల్లాలలోనేమి, ఎక్కడ నలుగురు కూడినా ఇదే వాదము. ముఖ్యముగా నాలుగు మాటలు వినబడేవి.

మొదటి మాట, “తెలుగువాడు పైకి వస్తే బొంబాయి, ఢిల్లీ పత్రికల వారు ఓర్వలేరు” అని. రెండవది, “ఆయన కంపెనీ ఆయన ఇష్టము, మధ్యలో వీరెవరు?” అని. మూడవది, “ఇన్ని ధర్మకార్యములు చేసినవాడు తప్పు చేస్తాడా?” అని. నాలుగవది, “ఇట్లు వ్రాసి వ్రాసి కంపెనీని పాడుచేస్తే మన పిల్లల ఉద్యోగముల గతి ఏమిటి?” అని.

ఈ నాలుగు మాటలలో ఒక విశేషమున్నది. పత్రికలు అడిగిన ప్రశ్నకు ఇందులో ఒక్కటి కూడా జవాబు కాదు. అడిగినది ఏమనగా, ఈ కొనుగోలు వలన షేర్లు కొన్నవారికి లాభమెక్కడ? ఈ ధర ఎవరు నిర్ణయించారు? దానికి బదులుగా మనవారు అడిగినవాని ఊరు, అడిగినవాని మనసు, యజమాని గుణము, మన భయము, వీటిని గూర్చి మాటలాడారు. ప్రశ్న మాత్రము అక్కడనే నిలిచిపోయినది.

పాల కేంద్రములో ఇట్టి పని జరిగితే మనము ఊరుకొందుమా? తూకము తగ్గినదని, వెన్న శాతము తప్పుగా వేశారని ఒక ఇల్లాలు అడిగినది అనుకొనండి. కేంద్రము నడుపువారు కొలత మరల చూపకుండ, “మేము ఊరి బడికి గోడ కట్టించాము, నీవు ప్రక్క ఊరిదానవు, నీకు అసూయ” అంటే అది జవాబగునా? గోడ కట్టించుట మంచిదే. పాల కొలత వేరు. రెండును కలిపితే గోడకును గౌరవము పోవును, పాలకును న్యాయము జరుగదు.

“ఆయన కంపెనీ ఆయన ఇష్టము” అను మాట కూడా పరిశీలించవలెను. ఆ సమయమునకు రాజు గారి కుటుంబమునకు సత్యంలో ఉన్న వాటా నూటికి తొమ్మిది వంతులు కూడా లేదు. మిగిలిన తొంబది వంతులకు పైగా ఇతరులది. అందులో పెద్ద సంస్థలున్నవి. పదవీ విరమణ డబ్బు పెట్టుకొన్న ఉపాధ్యాయుల వంటి చిన్నవారున్నారు. పదిమంది ఎకరములను ఒకరు సాగుచేయుచున్నప్పుడు, పంట అమ్మిన డబ్బుతో తన కుమారుని స్థలము కొంటానంటే మిగిలిన తొమ్మిదిమంది అడుగరా? అడిగితే అసూయ అందుమా?

డిసెంబరు నెల ముగియకముందే మరికొన్ని జరిగినవి. తమ ఉద్యోగులకు అనుచితమైన ప్రయోజనములు కలుగజేసినందున సత్యంను ఎనిమిదేండ్లు తమ పనుల నుండి నిషేధించినట్లు ప్రపంచ బ్యాంకు ఆ నెలలో ధ్రువపరచినది. కంపెనీ తప్పు ఒప్పుకొనలేదు సరికదా, బ్యాంకు వారినే క్షమాపణ చెప్పమన్నది. తరువాత కొద్ది రోజులలోనే బోర్డులోని పేరుగల డైరెక్టర్లు ఒకరి వెంట ఒకరు రాజీనామా చేశారు. అయినను అభిమానుల నమ్మకము తగ్గలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే కంపెనీని చక్కగా నడిపించినందుకు గోల్డెన్ పీకాక్ అను అంతర్జాతీయ బహుమానము వచ్చినది కదా అని గుర్తుచేసేవారు.

2009 జనవరి 7వ తేదీన రామలింగరాజు గారు స్వయముగా బోర్డుకు ఉత్తరము వ్రాశారు. కంపెనీ పుస్తకములలో చూపిన నగదు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే చెప్పారు. ఇంటి లెక్కలో చెప్పవలెనంటే, ఇంటి పెద్ద బ్యాంకులో 5,361 రూపాయలున్నవని సంవత్సరముల తరబడి చెప్పుచు వచ్చినాడు. బ్యాంకుకు పోయి చూస్తే 321 రూపాయలు మాత్రమే ఉన్నవి. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలలో నూరు రూపాయల రాబడికి 24 రూపాయలు మిగిలినట్లు చూపారు. నిజముగా మిగిలినది మూడు రూపాయలే. మొదట చిన్నదిగా ఉన్న తేడా ఏటేటా పెరిగి, పులి మీద ఎక్కినవాడు దిగలేని స్థితి వచ్చినదని ఆయన వ్రాసుకొన్నారు.

ఆ ఉత్తరములో మరియొక సంగతి ఉన్నది. మేటాస్ కంపెనీలను కొనబోవుట, లేని ఆస్తుల స్థానములో ఉన్న ఆస్తులను నింపుటకు చేసిన చివరి ప్రయత్నమని ఆయనే చెప్పారు. చూడండి, అభిమానులు ఏ నిర్ణయమును తెలివైనదని సమర్థించారో, అది గోతిని కప్పుటకు తెచ్చిన తాటాకు. పత్రికలును, షేర్లు కొన్నవారును ప్రశ్నించకపోతే ఆ తాటాకు గోతి మీద పడియుండేది. గొయ్యి మరికొంత లోతగుచుండేది.

ఆ ఒక్క రోజున షేరు ధర దాదాపు 179 రూపాయల నుండి 40 రూపాయలకు పడిపోయినది. పెండ్లికని, చదువుకని దాచుకొన్న సొమ్ము మధ్యాహ్నమునకు కరిగిపోయినది. ఆ సంక్రాంతి పండుగ ఎందరి ఇండ్లలో ఎట్లు జరిగినదో ఊహించుకొనండి. బిడ్డకు వచ్చే నెల జీతము వచ్చునో రాదో తెలియదు. బ్యాంకులో తీసిన ఇంటి అప్పు వాయిదా ఆగదు.

అప్పుడైనను అభిమానము సడలినదా? రాజు గారి పూర్వుల ఊరు భీమవరము దగ్గర గరగపర్రు. అక్కడివారు ఈ సంగతి నమ్మలేకపోయిరని ఆ రోజులలో పత్రికలు వ్రాసినవి. మనవైపు కూడా “ఎవరినో కాపాడుటకు తన మీద వేసికొన్నాడు” అన్నవారున్నారు. స్వయముగా ఒప్పుకొన్న దానిని కూడా అభిమానులు ఒప్పుకొనలేదన్నమాట. వారిని మేము నిందించము. ఉపకారము పొందినవాడు కృతజ్ఞత చూపుట మంచి గుణమే. గాని కృతజ్ఞత వేరు, కండ్లు మూసికొనుట వేరు.

తరువాత జరిగినది కూడా తెలిసికొనవలెను. ఉత్తరము వచ్చిన రెండు రోజులకు రాజు గారిని అరెస్టు చేశారు. కేంద్ర ప్రభుత్వము పాత బోర్డును తీసివేసి, దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ మొదలైనవారిని నియమించినది. వారు దాపరికము లేకుండ లెక్కలు విప్పి, ఉద్యోగులను, కంపెనీతో పని చేయించుకొనువారిని నిలుపుకొన్నారు. 2009 ఏప్రిల్‌లో బహిరంగ వేలములో టెక్ మహీంద్రా కంపెనీ సత్యంను చేజిక్కించుకొన్నది. 2013లో రెండును ఒకటిగా కలిసిపోయినవి. ఆ విధముగా వేల ఉద్యోగములు మిగిలినవి. 108 సేవను కూడా 2009లో జీవీకే వారు చేపట్టారు. వాహనములు ఆగలేదు.

ఇందులో మనకు రెండు సంగతులు కనబడును. కంపెనీని ముంచినది పత్రికలు కాదు, దాచిన లెక్క. లెక్క విప్పినందువలననే అది బ్రతికినది. ఇక 108 సంగతి. మంచి పనిని కాపాడుటకు చెడ్డ లెక్కను వెనుకవేసికొని రానక్కరలేదు. మంచి పని వేరొకరి చేతిలో కూడా నడిచినది.

ఈ కేసును సీబీఐ పరిశోధించినది. ఏడు వేలకు పైగా దొంగ ఇన్‌వాయిసులు, అనగా చేయని పనికి చేసినట్లు వ్రాసిన బిల్లులు, బయటపడినవి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు రాజు గారితో సహా పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల శిక్ష విధించినది. వారు పై కోర్టుకు అప్పీలు చేసికొనగా మరుసటి నెలలో బెయిలు లభించినది. ఆ పదిమందిలో లెక్కలు తనిఖీ చేయవలసిన ఆడిటర్లు కూడా ఇద్దరున్నారు. బ్యాంకులలో డబ్బు ఉన్నదా లేదా అని బ్యాంకులనే నేరుగా అడిగి నిర్ధారించుకొనవలసిన పనిని ఆడిటు సంస్థ సరిగా చేయలేదని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చినవి. ఎంత చిన్న పని! ఒక ఉత్తరము వ్రాసి, బ్యాంకు నుండి నేరుగా జవాబు తెప్పించుకొనుట. గొప్ప పేరు చూచి దానిని తేలికగా తీసికొన్నారు. బయట అభిమాని చేసినదే లోపల ఆడిటరు చేశాడు.

ఇది పట్టణపువారి షేర్ల సంగతి, మనకెందుకు అని ఎవరైనా అనవచ్చును. అట్లు కాదు. 2015 ప్రాంతములో విజయవాడ కేంద్రముగా నడిచిన అగ్రిగోల్డ్ కంపెనీ సొమ్ము తిరిగి ఇవ్వలేక కూలిపోయినప్పుడు దాదాపు 32 లక్షల మంది డిపాజిటుదారులు చిక్కుకొన్నారు. అందులో కూలి చేసి కూడబెట్టిన స్త్రీలు, కౌలు రైతులు ఎందరో ఉన్నారు. అక్కడ డబ్బు కట్టించుకొన్న ఏజెంటు చాలాచోట్ల మన బంధువే, మన వీధివాడే. “ఏమండీ, ఈ కంపెనీ ఇంత వడ్డీ ఎట్లా ఇస్తుంది?” అని అడిగితే “నా మీద నమ్మకము లేదా బాబాయ్?” అనేవాడు. ఆ ఒక్క మాటతో అడిగినవాని నోరు మూతపడేది. అతడు కూడా మోసగాడు కాదు. అతడును అభిమానియే. తన డబ్బు కూడా అందులోనే పెట్టుకొన్నాడు.

పత్రికలు వ్రాసినదంతా నిజమని మేము చెప్పుట లేదు. ఆధారము లేకుండ వ్రాసేవారున్నారు. ఒకరి కోసము ఒకరిని తిట్టేవారున్నారు. ఇప్పుడు ప్రతివాని చేతిలో ఫోను ఉన్నది కనుక ఎవరు పడితే వారు ఏదో ఒకటి పంపుచున్నారు. కనుక విమర్శను కూడా తూచి చూడవలసినదే. గాని తూచుట అంటే విమర్శించినవానిని తిట్టుట కాదు. అతడు ఏమి అడిగినాడో చూచుట.

ఇంట్లో పాటించదగిన మూడు సంగతులు మేము చెప్పగోరుచున్నాము.

మొదటిది, మనకిష్టమైన మనిషిని గాని, కంపెనీని గాని ఎవరైనా విమర్శించినప్పుడు ఆ విమర్శలోని ప్రశ్నను ఒక్క వాక్యములో విడిగా చెప్పుకొనండి. “ఈ డబ్బు ఎక్కడ ఉన్నది?” “ఈ ధర ఎవరు కట్టారు?” అని. పిల్లల చేత చెప్పించండి. ప్రశ్నను విడిగా చూచినప్పుడు సగము కోపము చల్లారును.

రెండవది, దానికి వచ్చిన జవాబు ఆ ప్రశ్నకే జవాబా, లేక వేరొక సంగతా చూడండి. కాగితము అడిగితే కాగితము చూపినాడా? లేక తన మంచితనము చూపినాడా? మంచితనము చూపినంత మాత్రమున దొంగ అని అనుకొనవద్దు. గాని జవాబు ఇంకా రాలేదని గుర్తు పెట్టుకొనండి.

మూడవది, ఆ జవాబు వచ్చువరకు మీ ఇంటి సొమ్మును, మీ పిల్లల భవిష్యత్తును మొత్తముగా దాని మీద పెట్టవద్దు. అభిమానము మనసులో ఉండవచ్చును. డబ్బు మాత్రము పలుచోట్ల ఉండవలెను.

మా సంఘములలో కోశాధికారి గారు నెలకొకసారి కానుకల లెక్క అందరి ఎదుట చదువుతారు. ఆయన మీద అనుమానముండి కాదు. అడుగుట అలవాటైన చోట మంచివాడు కూడా మంచివాడుగా నిలుచును. అడుగుట మానుకొన్న చోట, మొదట చిన్నదిగా ఉన్న తేడా ఎవరికీ తెలియకుండ పెద్దదగును. రామలింగరాజు గారిని మొదటి సంవత్సరములోనే ఒక్కరు గట్టిగా అడిగియుంటే, ఆయన ఆ పులి మీద అంత దూరము వెళ్లేవారు కాదేమో! అప్పుడు ఆయనను ప్రేమించినవాడు అడిగినవాడే గాని, చప్పట్లు కొట్టినవాడు కాడు.

రేపల్లెలోనో, బాపట్లలోనో మీ ఇంటి అరుగు మీద కూర్చుండి మీ కుమారుడు ఏదో ఒక కంపెనీ పక్షముగా గట్టిగా వాదించుచుంటే అతనిని కసరవద్దు. అతని ప్రేమను ఎగతాళి చేయవద్దు. “సరే నాయనా, వారు అడిగినదేమిటో నాకు ఒక్క మాటలో చెప్పు” అనండి. అతడు చెప్పగలిగితే సగము పని అయినది. చెప్పలేకపోతే, ఇద్దరును కలిసి పత్రిక మరల చదువండి.